ముందుగది తెరలు

ఆ ఉదయం బెరిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ మిల్లుకు వెళ్ళగానే ముందుగదిలోకి దూరాలి. చిమ్నీ గట్టు మీది పింగాణీ కుక్కను ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోవాలి. మధ్యాహ్నం మిల్లు కూత పెట్టేలోగా తిరిగి సర్దేయాలి. అతిథుల కోసం అట్టేపెట్టిన ఆ గదిలోకి పిల్లలకు ప్రవేశం లేదు. ఆ కుక్క, చనిపోయిన అమ్మమ్మ తన కూతురికి మిగిల్చి వెళ్ళిన ఒకే ఒక్క వస్తువు.

కుక్క ఒళ్ళోకి వచ్చింది. తల మాత్రం నేల మీద పడింది.

ఎదురింటి గుమ్మం రుద్దుతున్న క్లెగ్ ఆంటీ తలెత్తితే అంతా కనబడుతుంది. బెరిల్ చప్పున కిటికీ తెరలు లాగేసింది. చీకట్లో తన తప్పు కొంచెం చిన్నదైనట్టు అనిపించింది. ఆ వీధిలో పట్టపగలు ముందుగది తెరలు మూస్తే అక్కడ శవాన్ని పడుకోబెట్టినట్టేనన్న సంగతి ఆ భయంలో గుర్తు రాలేదు.

క్లెగ్ ఆంటీ బ్రష్ వదిలేసి వెళ్ళి, చావుకు మర్యాదగా తన తెరలు మూసింది. ఆమెను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. కాసేపటికి వీధంతా కళ్ళు మూసుకుంది. పోయిందెవరంటే, మేడ మీద దగ్గుతో మంచం పట్టిన తాత తప్ప ఇంకెవరూ ఎవరికీ తట్టలేదు.

తలుపు తట్టారు. కుక్క తల అతికిస్తున్న బెరిల్, పిండి జిగురు వేళ్ళను గౌనుకు తుడుచుకుంటూ తీసింది.

"ఎప్పుడమ్మా?" అంది క్లెగ్ ఆంటీ మెల్లగా.

చూసేసిందన్నమాట. "ఇందాకే. కావాలని చెయ్యలేదు ఆంటీ."

"పిచ్చి తల్లీ, నువ్వేం చేశావే? ఎప్పటికైనా జరిగేదేగా."

"అమ్మకి చెప్తారా?"

"కబురెళ్ళిపోయింది."

నడవా నిండా ఆడవాళ్ళు. ఒకామె ఉడికించిన పెద్ద పంది తొడ, హామ్, తెచ్చింది. చావింట్లో హామ్ పెట్టకపోతే పరువు దక్కదు.

"బంగారం లాంటి మనిషి. ఒకర్ని ఒక్క మాట అన్లేదు."

"మొన్న కిటికీలోంచి మా పిల్లి మీద బూటు విసిరాడుగా?"

"ఇవాళ అలాంటివి అనకూడదు."

అప్పుడు అర్థమైంది బెరిల్‌కు. నిజం చెబితే తెరలు ఎందుకు మూసిందో కూడా చెప్పాలి. తాత పోతే అమ్మ ఏడుస్తుంది, కుక్క పోతే కొడుతుంది. ముందుగది తలుపుకు వీపు ఆనించి నోరు మూసుకుంది.

"జరుగమ్మా, ఒక్కసారి చూస్తాం."

"వద్దు. ఇంకా ఆరలేదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అంతలో అమ్మ వచ్చింది. జుట్టులో నూలు పీచు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. బెరిల్‌ను పక్కకు జరిపి తలుపు తీసింది. లోపల మనిషి లేడు. బల్ల మీద కుక్క ఉంది, తల పక్కకు వాలిపోయి.

మెట్ల మీద దగ్గు వినిపించింది.

"పట్టపగలు ఈ చీకటేంటి?" అన్నాడు తాత, ఒంటిమీద పొడుగు డ్రాయరుతో. "ఎవరు పోయారు?"

అమ్మ తండ్రిని చూసింది, కుక్కను చూసింది. ఎవరూ కూర్చోని కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వసాగింది. చెయ్యెత్తుతుందని ఎదురుచూసిన బెరిల్‌కు ఆ నవ్వుకే ఎక్కువ భయం వేసింది.

"తెరలు తియ్యవే," అంది అమ్మ.

తాత వాసన పట్టాడు. "ఈ హామ్ ఎవరిది?"

"మీదే," అంది క్లెగ్ ఆంటీ పళ్ళు బిగించి.

కుక్క తల విరిచినందుకు బెరిల్‌ను అమ్మ ఆ సాయంత్రానికే క్షమించింది గాని, బతికి ఉన్నందుకు తాతను క్షమించడానికి వీధికి చాలా కాలం పట్టింది.