బండి కింద పడబోయే ప్రజల కోసం

"వచ్చే నూరు రోజుల్లో ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఇన్సూరెన్సు లేని బండి ఒక్కటి కనబడినా నేను రాజకీయ సన్యాసం తీసుకుంటా!" అని రాఘవేంద్రప్రసాద్ ప్రకటించినప్పుడు కల్యాణ మండపం ఈలలతో దద్దరిల్లింది. ఈల వేయనివాడు ఒక్క కమాల్ బాషానే. అన్న మీద అభిమానం లేక కాదు. మండపం గేటు ముందర, అద్దం నిండా అన్న బొమ్మ అతికించుకుని దర్జాగా నిలబడిన తెల్ల కారుకు ఇన్సూరెన్సు అయిపోయి ఎనిమిది నెలలయింది. ఆ కారు అన్నదే. దాన్ని తోలేది కమాల్.

అందరూ అన్న అని పిలిచే రాఘవేంద్రప్రసాద్ అంటే అల్లాటప్పా మనిషి కాదు. ప్రొద్దుటూరులో బంగారు అంగడిని కొడుక్కు అప్పజెప్పి ప్రజాసేవలోకి దూకినవాడు. మొన్ననే రోడ్డు భద్రతా ప్రచార కమిటీకి చైర్మన్ అయ్యాడు. కమిటీలో సభ్యులు ఇంకా లేరు. చైర్మన్ ఉన్నాడు, లెటర్‌హెడ్ ఉంది, కారుకు సైరన్ ఉంది. కమిటీ అన్నాక ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

కమాల్ అప్పటికి మూడుసార్లు అడిగి చూశాడు.

"అన్నా, మన బండికి కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అయినా కట్టేద్దాం."

"అద్దం మీద నా బొమ్మ ఉంది గదప్పా. ఎవడాపుతాడు?"

"ఆపేదాని గురించి కాదన్నా. రేపెవురికైనా తగిలితే?"

"తగిలితే ఏంది? తగిలించినోడూ మనోడే, తగిలించుకున్నోడూ మనోడే. మధ్యలో కంపెనీవాడు ఎందుకంట?"

అన్న హృదయం అంత విశాలమైనది. కమాల్ ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టుకుని బతుకుతున్నాడు. లైసెన్సే అతని పొలం, లైసెన్సే అతని ఇల్లు. ఎవరికైనా దెబ్బ తగిలితే అద్దం మీది బొమ్మ ఆస్పత్రి బిల్లు కట్టదని, కేసులో మొదట రాసేది డ్రైవరు పేరేనని అతనికి తెలుసు. అందుకే దారిలో కోడి అడ్డమొచ్చినా బండి ఆపేసేవాడు.

రెండో సభ జమ్మలమడుగులో. కొండాపురం దగ్గరి పునరావాస కాలనీ నుంచి వచ్చిన నారాయణ అనే రైతు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఈ థర్డ్ పార్టీ కడితే నాకేమొస్తాది?"

"నీ ట్రాక్టరు దేనికన్నా కొట్టుకుంటే కొత్త బంపరొస్తాది, కొత్త లైట్లొస్తాయి. ఎద్దు పొడిచినా వస్తాది!" అన్నాడు అన్న. చప్పట్లు మోగాయి.

కమాల్‌కు ఊరుకోబుద్ధి కాలేదు. గబగబా స్టేజీ ఎక్కి అన్న చెవిలో చెప్పాడు. "మన బండికి నయాపైసా రాదన్నా. మన బండి ఎవురికి తగిలితే వాళ్లకొస్తాది. కాలు విరిగినా, పానం పోయినా కంపెనీ ఇస్తాది. అందుకే అది లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టం."

అన్న మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏందీ! కట్టేది నేనూ, తీసుకునేది దారిన పోయేటోడా? వాడు మన ఓటరో కాదో కూడా తెల్దే!"

ఒక్క క్షణం ఆలోచించి చెయ్యి తీశాడు. గొంతు గద్గదం చేసుకున్నాడు. "అన్నదమ్ములారా! అక్కచెల్లెళ్లారా! నేను ఇన్సూరెన్సు కట్టేది నాకోసం కాదు. నా బండి కింద పడబోయే ప్రజల కోసం!"

ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

దండలు, సెల్ఫీలు అయ్యేసరికి అదే రోజు జరగాల్సిన పులివెందుల సభకు గంట ఆలస్యమైంది. "తొక్కు కమాలూ, తొక్కు. జనం లేచి పోతాండారంట" అని వెనకసీటు నుంచి అన్న ఒకటే పోరు. ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా అరటిపండ్ల బండి తోసుకుంటూ మునెమ్మ అనే పెద్దావిడ రోడ్డు దాటుతోంది. కమాల్ బ్రేకు మీద నిలబడ్డాడు. అయినా కారు మూల తగిలి తోపుడుబండి తిరగబడింది. దాని కింద మునెమ్మ కాలు పడింది.

కమాల్ ఆమెను రెండు చేతులా ఎత్తి కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తెచ్చాడు. ఎముక విరిగింది, రాడ్డు వేయాలన్నారు. కమాల్ బయటికొచ్చి అన్నను పక్కకు పిలిచాడు.

"అన్నా, పోలీసుస్టేషన్లో చెప్పేద్దాం."

"ఉండప్పా. ఇప్పుడు కడితే నిన్నటి తేదీతో పాలసీ ఇస్తారా?"

"ఇయ్యరన్నా. తగిలినాక కట్టేది ఈమెకు పనికిరాదు."

"చూసినావా? కంపెనీవాళ్లకు మానవత్వమే లేదు" అని అన్న నిట్టూర్చాడు.

అప్పుడు ఫ్లెక్సీలు, మైకులు, జనసమీకరణ చూసే గంగాధరం మెల్లగా దగ్గరికొచ్చాడు. "అన్నా, మన కార్యక్రమానికి లబ్ధిదారు లేరనుకుంటిమి గదా. ఈమెనే పెట్టేస్తే?"

మహానుభావులకు ఆలోచనలు ఇట్లాగే వస్తాయి. మరో గంటలో, రాడ్డు ఇంకా వేయకుండానే, పట్టీ కట్టిన కాలుతో మునెమ్మ చక్రాల కుర్చీలో పులివెందుల స్టేజీ మీదుంది. ఆమె చేతిలో తలుపంత అట్ట చెక్కు. దాని మీద ఆమె పేరు, ఐదు లక్షలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. అన్న కమాల్‌ను కూడా పైకి పిలిచి శాలువా కప్పాడు. "తొలి లబ్ధిదారును స్వయంగా గుర్తించి, మోసుకొచ్చిన మా డ్రైవరు!" జనం కమాల్‌కు కూడా చప్పట్లు కొట్టారు. బతికినన్నాళ్లలో అంత సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

సభ అయ్యాక స్టేజీ వెనక మునెమ్మ అడిగింది. "నాయనా, ఈ అట్ట ఏ బ్యాంకులో ఇస్తే దుడ్లిస్తారు?"

"యాడా ఇయ్యరు పెద్దమ్మా." కమాల్ శాలువా తీసి ఆమె కాలు మీద కప్పాడు. ఆస్పత్రి చీటీ వెనక కారు నెంబరు, దాని కింద తన పేరు రాసి ఆమె చేతిలో పెట్టాడు. "కేసు పెట్టు. పాలసీ లేకుంటే బండి ఓనరే ఇయ్యాల. భయపడాకు."

"నీ పేరెందుకప్పా? నన్ను ఎత్తుకొచ్చినోడివి నువ్వే గదా!"

"తగిలించినోడినీ నేనే పెద్దమ్మా."

ఆమె ఆ చీటీని కొంగున ముడేసుకుంది. ఇంతలో గంగాధరం వచ్చి చెక్కు లాక్కున్నాడు. "ఇట్టియ్యమ్మా, ఇది ఒక్కటే ఉండేది." తడిగుడ్డతో మునెమ్మ పేరు శుభ్రంగా తుడిచి, చెక్కును కారు డిక్కీలో పెట్టాడు.

అన్న అప్పుడే ఫోను పెట్టేసి వస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "కమాలూ, టీవీల్లో అంతా మనమే! రేపు చెన్నూరు సభ. పొద్దున ఆరింటికంతా బండి తీయాల."

కమాల్ గంగాధరం వైపు తిరిగాడు. "చెన్నూరులో చెక్కు మీద ఎవురి పేరు రాస్తాండావు?"

"అదేం ప్రశ్నప్పా?" అన్నాడు గంగాధరం డిక్కీ మూస్తూ. "నువ్వు బండి తోలకముందే నాకెట్ల తెలుస్తాది?"