మెయిన్ స్ట్రీట్ పూసిన వైనం

జూలై నాలుగో తేదీకల్లా బిటర్ క్రీక్ ఊరి మెయిన్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నారింజరంగు పూలతో నిండిపోతుందని మేయర్ గెయిలెన్ హేవర్‌క్యాంప్ గారు ఫిబ్రవరి రెండో మంగళవారం ప్రకటించారు. బయట మోకాలెత్తు మంచు పడి ఉంది. లోపల పదకొండుమంది శ్రోతలున్నారు. వారిలో ఐదుగురు కౌన్సిలర్లు, నలుగురు హీటరు కోసం వచ్చినవాళ్లు. తక్కిన ఇద్దరిలో ఒకరు కలుపు నియంత్రణాధికారి లైల్ డ్రైలింగ్, ఇంకొకరు మినిట్సు రాసుకుంటున్న క్లర్కు ఆర్డిత్ ఫైఫర్.

"ఇది మన కాన్సస్ గడ్డ మీద మన తాతలు దిగకముందే ఉన్న పువ్వు" అన్నారు మేయర్ గారు. "పేరు బటర్‌ఫ్లై వీడ్. నీళ్లడగదు, ఎరువడగదు, నీడడగదు. ఎండలో, ఎండిన నేలలో, ఎవరూ పట్టించుకోకపోతేనే బాగా బతుకుతుంది. ఇలాంటి పథకం కోసమే మన కౌన్సిల్ ఇరవై ఏళ్లుగా తర్ఫీదు పొందుతోంది."

ఈ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. సభ మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టింది. రాష్ట్రంలోని పూలబాటల బోర్డు ఏటా ఒక ఊరికి 'సీతాకోకచిలుకల రాజధాని' అని బిరుదు ఇస్తుందనీ, ఆ బోర్డు ఉపకార్యదర్శి మిసెస్ విట్‌కాంబ్ ఆ జూలై నాలుగున, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, స్వయంగా వచ్చి చూస్తారనీ ఆయన చెప్పారు. నవంబరులో ఎన్నికలున్నాయని మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలుసు.

ఆర్డిత్‌కు అరవై ఆరేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఊరికి ఆవిడే క్లర్కు. మంగళ, గురువారాల్లో ఉద్యానవనాల శాఖ కూడా ఆవిడే. ఒకప్పుడు ఆదివారం బడిలో గెయిలెన్‌కు బైబిలు కథలు చెప్పిన మనిషి కనుక ఆయన్ని ఇప్పటికీ నువ్వనే అంటుంది. కాటన్‌వుడ్ లేన్‌లో తన ఇంటి ముందు గడ్డి కోయడం ముప్పై ఏళ్ల కిందట మానేసి, రైలుకట్ట పక్కన ఏరిన బటర్‌ఫ్లై వీడ్ విత్తనాలు చల్లింది. ఈ మొక్క మన జిల్లేడుకు దూరపు చుట్టం. కాయ పగిలితే అలాగే దూది ఎగురుతుంది. మొదట్లో ఆవిడకు మతి చెడిందని ఇరుగుపొరుగు అనుకున్నారు. తరవాత అనుకోవడం కూడా మానేశారు. ఇప్పుడక్కడ నలభై పైచిలుకు దుబ్బులు మోకాలెత్తున నిలబడి, ఏటా జూన్ రాగానే నిప్పంటించినట్టు పూస్తాయి.

సమావేశం అయిపోయాక ఆవిడ మేయర్‌ను ఆపింది.

"గెయిలెన్, ఈ విత్తనం చలికాలం చూడందే మొలవదు. మొన్న శరత్కాలంలో చల్లి ఉంటే మంచు కింద దాని పని అది చేసుకునేది. ఇప్పుడు తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏప్రిల్ చివర చల్లితే మేలో మొలుస్తాయి."

"ఇంకేం మరి, జూలైకి పూస్తాయి."

"మొదటి ఏడు అది వేరు పెంచుకుంటుంది. పైన నీ వేలెడంతే ఉంటుంది. పూత రెండో ఏడు, లేదంటే మూడో ఏడు."

మేయర్ గారి ముఖం వాడింది. "మూడో ఏటికి నేనుండొద్దూ?"

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

"పదవిలో, ఆర్డిత్."

పై మంగళవారం కౌన్సిల్ దీన్ని కూలంకషంగా చర్చించి, బటర్‌ఫ్లై వీడ్ మొదటి ఏడాదే పూయవలసిందిగా తీర్మానం చేసింది. నాలుగు ఓట్లు అనుకూలం, ఒకటి వ్యతిరేకం. వ్యతిరేకించిన కౌన్సిలర్ గులాబీరంగు అయితే బాగుంటుందన్నాడు.

ఊరి కార్యాలయంలో ఉన్నది ఒకే ఒక్క ఫ్రిజ్. అందులో కౌన్సిలర్లు మధ్యాహ్నానికి తెచ్చుకున్న బీరాక్‌లు, అంటే క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు ఉండేవి. వాటిని కిటికీ గట్టు మీదికి మార్చి, విత్తన శీతల సంరక్షణ ఉపసంఘాన్ని ఏర్పాటు చేశారు. మేయర్ గారు ఫ్రిజ్ తలుపుకు రిబ్బను కట్టించి, కత్తిరించి, లోపలి బల్బు వెలుగులో క్లుప్తంగా ప్రసంగించారు. వారం వారం ప్రగతి నివేదిక ఇమ్మని ఆర్డిత్‌ను ఆదేశించారు. మొదటి వారం ఆవిడ "చల్లగా ఉన్నాయి" అని రాసింది. ఐదు వారాలు అదే రాసింది. కిందటి వారంతో పోల్చి చెప్పమని ఆరో వారం ఉపసంఘం కోరితే "అంతే చల్లగా ఉన్నాయి" అని రాసింది. ఈ నిలకడను ఉపసంఘం అభినందించింది.

ఏప్రిల్ చివర మెయిన్ స్ట్రీట్ నడుమ ఉన్న గులకనేలలో విత్తనాలు చల్లారు. నేలలో ఏమీ కలపవద్దని ఆర్డిత్ ముందే బతిమాలుకుంది. అయితే అంత గొప్ప పువ్వును గులకరాళ్లలో కూర్చోబెట్టడం ఊరికి అప్రతిష్ఠ అని మేయర్ గారికి తోచింది. నల్లమట్టి తోలించారు. ధాన్యం సహకార సంఘం వాళ్లు ఎరువు విరాళమిచ్చారు. రోజూ పదిగంటలకు ఫైరింజను వచ్చి నీళ్లు కొట్టేది. పత్రికా ఫొటోగ్రాఫర్ కూడా పదిగంటలకే వచ్చేవాడు.

మొలకలు కుళ్లిపోతాయని ఆర్డిత్ మొత్తుకుంది. ఎవరూ పట్టించుకోకూడదని ఫిబ్రవరిలో నువ్వే చెప్పావు కదా అని నిలదీసింది.

"చెప్పాను" అన్నారు మేయర్ గారు ఓపికగా. "పట్టించుకోకుండా ఉండడాన్ని ఫొటో తియ్యడం ఎలాగ మరి?"

మొలిచినవాటిలో ముప్పాతిక భాగం మే నెలలోనే కుళ్లిపోయింది. మిగిలినవి రెండంగుళాలున్నాయి. వాటిని చూడడానికి మేయర్ గారు రోడ్డు మీద బోర్లా పడుకోవలసి వచ్చింది. మర్నాడు ఆ ఫొటో కింద 'మొక్కల స్థాయికి దిగివచ్చిన మేయర్' అని పడింది.

అప్పుడు లైల్ డ్రైలింగ్ రంగంలోకి దిగాడు. లైల్ నిజాయితీపరుడు. అది ఊళ్లో అందరికీ పెద్ద ఇబ్బంది. కలుపు అని పేరున్న ఏ మొక్కనైనా వేళ్లతో సహా దున్నించాలని ఆ ఊరి చట్టంలో ఉంది. ఇన్నేళ్లూ ఆర్డిత్ ఇంటి ముందున్న పూల పేరు అతనికి తెలియదు. ఇప్పుడు పత్రికలో రోజూ చదువుతున్నాడు. పేరు చివర వీడ్ అని ఉంది. వీడ్ అంటే కలుపే. లైల్ ముందుగా ఊరి కౌన్సిల్‌కే నోటీసు ఇచ్చాడు.

విచారణ జరిగింది. ఊరి తరఫున ముద్దాయి మేయర్ గారే, తీర్పు చెప్పవలసిందీ మేయర్ గారే. ఆయన ఒక కుర్చీలో కూర్చుని క్షమాపణ కోరి, లేచి ఎదుటి కుర్చీలో కూర్చుని క్షమించారు. మెయిన్ స్ట్రీట్‌లో పెరిగే బటర్‌ఫ్లై వీడ్ కలుపు కాదు, పువ్వు అని తీర్పు రాయించారు. మరి ఇతర వీధుల్లో పెరిగితే ఏమనుకోవాలని లైల్ అడిగాడు. చట్టం చట్టమేనని మేయర్ గారు గంభీరంగా అన్నారు.

జూన్ ఇరవై అయిదున ఆర్డిత్‌కు నోటీసు అందింది. పది రోజుల్లో తొలగించకపోతే జూలై అయిదు ఉదయం ట్రాక్టరుతో దున్నిస్తారు. నోటీసులు టైపు చేసే ఉద్యోగం ఆవిడదే కనుక ఆవిడే టైపు చేసింది. అందినట్టు సంతకమూ పెట్టింది.

"మీరంటే నాకు చాలా గౌరవం, ఆర్డిత్ గారూ" అన్నాడు లైల్ టోపీ చేత్తో పట్టుకుని. "కానీ చట్టంలో గౌరవానికి గడి లేదు. నేనే వస్తాను లెండి. వేరేవాళ్లయితే మొరటుగా దున్నుతారు."

ఆవిడ థాంక్సు చెప్పింది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా పూలవంక చూస్తూ ఉండిపోయింది. మొట్టమొదటి దుబ్బు మూడేళ్లు ఏడిపించి పూసింది. ఏటా వసంతంలో అన్ని మొక్కలూ చిగిర్చాక, ఇది ఇక చచ్చిపోయిందని తనకే నమ్మకం కలిగాక, తాపీగా బయటికొచ్చేది. ఇన్నేళ్లూ ఆవిడ చేసిందల్లా దాన్ని తవ్వి చూడకుండా ఉండడమే. అంతకంటే కష్టమైన పని ఆవిడ జీవితంలో చెయ్యలేదు.

జూలై మూడో తేదీ మధ్యాహ్నం మేయర్ గారు లారీతో, ఎనిమిది మంది మనుషులతో, పారలతో కాటన్‌వుడ్ లేన్‌లో దిగారు. మెయిన్ స్ట్రీట్‌లో మొక్కలు నాలుగంగుళాల దగ్గర ఆగిపోయాయి. తీర్మానం కాపీ చూపించినా లాభం లేకపోయింది. ఇక్కడేమో నలభై దుబ్బులు భగ్గుమంటున్నాయి. వాటి మీద సీతాకోకచిలుకలు, ఎవరి ఆదేశమూ లేకుండా.

"ఇవి తవ్వి తీసుకెళ్లి అక్కడ పాతుతాం. ఊరి పరువు, ఆర్డిత్. కాదనకండి. ఎలాగూ ఎల్లుండి లైల్ దున్నేస్తాడు కదా."

"పాతిన గంటకే వాడిపోతాయి. వేరు నా నడుములోతు దిగి ఉంది. తెగితే ఇక అంతే. ఈ మొక్కని నీ వీధికి తీసుకుపోలేవు, గెయిలెన్."

మేయర్ గారు పార మీద గడ్డం ఆనించి ఆలోచించారు. ఆయన చూపు మొక్కల మీదినుంచి మూలనున్న వీధిపేరు స్తంభం మీదికి వెళ్లి అక్కడ నిలిచింది. మామూలు మనుషులకూ నాయకులకూ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది.

"అయితే వీధినే ఇక్కడికి తీసుకొద్దాం" అన్నారాయన.

ఒక్క రోజుకి రెండు వీధుల పేర్లూ తారుమారు చేస్తూ తీర్మానం రాసి తెమ్మని ఆర్డిత్‌కు పురమాయించారు. ఆవిడ ఇది అబద్ధమంది. ఆదివారం బడి గుర్తుచేసింది. ఆ తరవాత ఆఫీసుకు వెళ్లి టైపు మిషను ముందు కాసేపు ఊరికే కూర్చుంది. కూర్చుని, 'ఒక్క రోజుకి' అన్న మాట తీసేసి తక్కినదంతా నీటుగా కొట్టింది. మేయర్ గారు పదకొండేళ్లుగా ఏ కాగితమూ చదివి సంతకం పెట్టి ఎరగరు. ఆ ఆచారం ఈసారీ తప్పలేదు. చీకటి పడకముందే స్తంభాల మీది పలకలు మారాయి.

మర్నాడు ఊరేగింపులో వచ్చిన పద్నాలుగు ట్రాక్టర్లూ కొత్త మెయిన్ స్ట్రీట్‌లో పట్టక వెనక్కి వెనక్కి నడిచాయి. బడిపిల్లల బ్యాండు కంచె అవతల నిలబడి వాయించింది. మిసెస్ విట్‌కాంబ్ కారు దిగి, పూలు చూసి, చేయి గుండెమీద పెట్టుకున్నారు. మెయిన్ స్ట్రీట్ ఇంత ప్రశాంతంగా ఉండడం, దుకాణాలు లేకపోవడం చాలా దూరదృష్టి అన్నారు. తరవాత ఫారం తీసి, వీటిని పెంచినదెవరని అడిగారు. అందరూ ఆర్డిత్ వైపు చూశారు.

"ఎంతకాలం పట్టిందండీ?"

"ముప్పై ఏళ్లు."

మేయర్ గారి గొంతులో లెమనేడ్ అడ్డం పడింది. మిసెస్ విట్‌కాంబ్ మాత్రం కళ్లజోడు సర్దుకుని ఫారం పైకీ కిందికీ వెతికారు.

"ఇందులో ఏళ్ల గడి లేదమ్మా. రోజుల గడే ఉంది."

ఆర్డిత్ జనంలో నిలబడ్డ లైల్‌ను చూసింది. అతను ట్రాక్టరు తాళంచెవి వేలికి తొడుక్కుని, అందరితోపాటు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అయితే ముప్పై అని రాయండి" అందావిడ.

అయిదో తేదీ ఎనిమిదింటికి లైల్ ట్రాక్టరుతో సహా వచ్చాడు. నోటీసులో ఇంటి నంబరు నాలుగు వందల పన్నెండు, కాటన్‌వుడ్ లేన్ అని ఉంది. స్తంభం మీద మెయిన్ స్ట్రీట్ అని ఉంది. ఆర్డిత్ తీర్మానం అందించింది. అతను రెండుసార్లు చదివి, మెయిన్ స్ట్రీట్ మొక్కలు పువ్వులేనని ఒప్పుకుని, టోపీ తీసి సెలవు తీసుకున్నాడు. తరవాత ఇప్పుడు కాటన్‌వుడ్ లేన్ అయిన పాత మెయిన్ స్ట్రీట్‌కు వెళ్లి నాలుగు వందల పన్నెండో నంబరు వెతికి పట్టుకున్నాడు. అది మేయర్ గారి సొంత హేవర్‌క్యాంప్ ట్రాక్టర్ల షోరూము. దాని ముందు పచ్చగడ్డి ఉంది. తొమ్మిదింటికల్లా లేదు.

తీర్మానం రద్దు చేస్తే బిరుదు పోతుంది కనుక మేయర్ గారు దుమ్ము దులుపుకుని, చట్టం ముందు అందరూ సమానమేనని ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనతోనే నవంబరులో గెలిచారు.

ఈలోగా సెప్టెంబరులో పూలబాటల బోర్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. బిటర్ క్రీక్ పద్ధతిలో రాష్ట్రంలోని ప్రతి ఊరూ విత్తనం చల్లిన ముప్పై రోజుల్లో మెయిన్ స్ట్రీట్‌ను పూయించాలి. పూయించలేని కౌన్సిళ్లు సంజాయిషీ ఇవ్వాలి. పద్ధతి తెలియనివారు శ్రీమతి ఆర్డిత్ ఫైఫర్‌ను సంప్రదించాలి.

మొట్టమొదట వచ్చినవాడు పొరుగున ఉన్న స్టోన్ పోస్ట్ ఊరి మేయర్ ఎల్డన్ రూప్. నోట్‌బుక్కు, రెండు పెన్సిళ్లు తెచ్చుకున్నాడు. ఆర్డిత్ అతన్ని మెట్ల మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. బక్కనేల చూసుకోమంది. శరత్కాలంలోనే చల్లమంది. చల్లి, మూడేళ్లు అటు వెళ్లవద్దంది. అతను ఒక్క ముక్కా రాసుకోలేదు.

"ఇవన్నీ తెలిసినవే లెండి. ఆ ముప్పై రోజుల సంగతి చెప్పండి."

ఆర్డిత్ కప్పు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మీ ఊళ్లో ఇంటి ముందు గడ్డి కోయకుండా, ఇరవై ముప్పై ఏళ్లుగా ఇవే పెంచుకుంటూ కూర్చున్న ముసలమ్మ ఎవరైనా ఉందా?"

ఎల్డన్ రూప్ పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది.

"ఉండేదండీ. జూన్‌లోనే దున్నించేశాం. ఆవిడ కూతురి ఊరికి వెళ్లిపోయింది."

తరవాత అతను పెన్సిలు నాలికతో తడి చేసుకుని, నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పాడు.

"అలాంటి ముసలమ్మ కోసం అర్జీ ఎవరికి పెట్టుకోవాలండీ?"