మేయర్ గారి పలువరస

సాన్ వెనాన్సియో హైస్కూలు విద్యార్థులు రేపు సాయంత్రం వరకు బహిరంగ ప్రదేశాల్లో నోరు తెరవరాదని, తెరిచినచో చట్టరీత్యా చిక్కులు కలుగునని మైకులో చెప్పుకుంటూ మున్సిపాలిటీ వ్యాను మా వీధిలోంచి వెళ్ళింది.

దాని వెనకే ఎన్నికల ఆఫీసు జీపు వచ్చింది. అందులో నిచ్చెన, కత్తెరలు, తెల్ల రంగు డబ్బాలు ఉన్నాయి. రేపు సాయంత్రం ప్రచారం మొదలవుతుంది. అప్పటికల్లా అభ్యర్థుల పేర్లు ప్రభుత్వ సొమ్ముతో కొన్న ఏ వస్తువు మీదా ఉండకూడదు. మా మేయర్ పొన్సియానో తబియోస్ గారు మళ్ళీ పోటీ చేస్తున్నారు కాబట్టి ఆ జీపుకి ఊపిరాడని పని. అంబులెన్సు మీద, బస్టాపుల మీద, చెత్తబుట్టల మీద, శవాల బండి మీద, బాస్కెట్‌బాల్ బోర్డు మీద ఆయన పేరే. పేరు తీసేస్తే మా ఊళ్ళో చాలావాటికి ఇంకేమీ మిగలదు.

జీపు మా ఇంటి ముందు ఆగింది. మా అమ్మాయి క్లారిబెల్ గుమ్మంలో నిలబడి ఆవలిస్తోంది.

"అదిగో, ఇక్కడొకటి," అన్నాడు నిచ్చెన పట్టుకున్నతను.

ఇక్కడ మేయర్ గారి దూరదృష్టి గురించి పాఠకులకు చెప్పాలి. మూడు నెలల క్రితం ఆయన వంకర పళ్ళున్న రెండువందల మంది పిల్లలకి ఉచితంగా క్లిప్పులు వేయించారు. నవ్వినప్పుడు పైవరసలో ముందుకి కనబడేవి ఆరు పళ్ళు. తబియోస్ అన్న ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా ఆరు. దేవుడే ఇంత ఏర్పాటు చేసి పెట్టాక మేయర్ గారు కాదనలేకపోయారు. క్లిప్పుకొక అక్షరం చొప్పున చెక్కించారు. ఆ రోజు నుంచి మా పిల్లలు ఎవరు జోకు వేసినా మేయర్ గారిని తలుచుకునే నవ్వుతున్నారు.

ఊళ్ళో ఫ్లెక్సీలు వేసేది నేనే. ఆయన అభివృద్ధి నా కళ్ళముందే, నా మిషన్ లోంచే జరిగింది.

"ఎవరో ఫిర్యాదు చేశారంట," అన్నాడు జీపతను మొహమాటంగా. "పళ్ళు కూడా ప్రచార సామగ్రి కిందకే వస్తాయని మా ఎన్నికల అధికారి అటర్నీ గారు తేల్చారు. రేపు సాయంత్రంలోగా ఊడదీయాలి."

క్లారిబెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పటినుంచీ నవ్వితే అలాగే పెట్టుకునేది. ఈ మూడు నెలలుగానే మానేసింది.

"నాన్నా, చోటు కోసం నాలుగు పళ్ళు పీకారు కదా," అంది. "ఇప్పుడు తీసేస్తే ఆ సందులు అలాగే ఉండిపోతాయి. కదిలినవన్నీ మళ్ళీ వెనక్కి పోతాయి. పోయినవి పోయినట్టే. నా మొహం ఇక ఇంతేనా?"

"మేయర్ గారున్నారు," అన్నాను.

నేను మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళేసరికి అత్యవసర సమావేశం మధ్యలో ఉంది. మేయర్ గారు బల్ల గుద్దుతున్నారు. ఎదురుగా పళ్ళ డాక్టర్ ఎవాంజెలిన్ సోరియా కూర్చుని ఉంది. క్లిప్పులు వేసింది ఆవిడే.

"డాక్టరమ్మా, ఈ వైద్యానికి ఎంతకాలం పడుతుంది?"

"రెండేళ్ళు. కొందరికి ఇంకాస్త ఎక్కువ."

"రేపు నాలుగింటికల్లా పూర్తి చెయ్యి."

"పన్ను కదలాలంటే ముందు ఎముక కరగాలి, వెనక మళ్ళీ ఎముక పెరగాలి మేయర్ గారూ. నెలకి ఒక మిల్లీమీటరు కదిలితే గొప్ప. గట్టిగా లాగితే వేరు పాడవుతుంది."

"రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక్క పూటలో నలభై ఇళ్ళు జరిపాను. వాటికి కోర్టు స్టే కూడా ఉంది. పన్నుకి స్టే లేదు కదా?"

"లేదు."

"మరి అడ్డమేమిటి?"

"ఎముక."

"అది ఏ శాఖ కిందకి వస్తుంది?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తొందరపెట్టడానికి దారులు లేకపోలేదని చెప్పింది. ఎముకలో సన్నని రంధ్రాలు వేస్తారు, పళ్ళని అదిలించే యంత్రాలున్నాయి. వాటితో మహా అయితే కొన్ని నెలలు తగ్గుతాయట, అదీ నమ్మకం లేదట. అన్నిటికన్నా పనికొచ్చేది పిల్లలు చెప్పిన రోజుకి రావడం, ఐసుముక్కలు కొరక్కుండా ఉండడం, క్లిప్పుల్ని కలిపే తీగ వేళకి మార్చడం.

"తీగ అంటే గుర్తొచ్చింది," అంది. "మీరు పంపించింది మూడు నెలలకే సరిపోయింది. తరవాతది ఇంకా రాలేదు. తల్లిదండ్రులు రోజూ నా ప్రాణం తీస్తున్నారు."

"ఓడలో ఉంది," అన్నారు మేయర్ గారు.

మా ఊరికి సముద్రం లేదు. అయినా ఆయన ఓడ తెప్పిస్తున్నారంటే పెద్ద ఆలోచనే ఉండి ఉంటుందని అందరం తలలాడించాం.

"పోనీ, ఒక మాట," అంది డాక్టరమ్మ. "ఒక్కొక్కరికి ఆ ఆరు క్లిప్పులు మార్చి మామూలువి పెడతాను. అక్షరాలుండవు. చట్టానికి ఇబ్బంది లేదు, వైద్యమూ ఆగదు. నా దగ్గర ఉన్నవాటితో మొదలుపెడతాను."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేయర్ గారు మాత్రం చాలాసేపు బాధపడ్డారు.

"పేరు లేకుండానా?" అన్నారు చివరికి. "చూసినవాళ్ళు పళ్ళు వాటంతటవే సర్దుకున్నాయనుకోరూ? ప్రజలకి అబద్ధం చెప్పమంటావా డాక్టరమ్మా?"

అప్పుడే ఆయనకి అసలు ఉపాయం తట్టింది. గొప్పవాళ్ళకి ఉపాయాలు నిలబడి తడతాయి. ఆయన లేచి నిలబడ్డారు.

"సగం వేసిన వంతెనకి ప్రారంభోత్సవం చేశామా లేదా?"

"చేశాం," అన్నారందరూ.

"సగం కదిలిన పళ్ళకి స్నాతకోత్సవం చేస్తే తప్పేమిటి? రేపు మూడింటికి వైద్యం పూర్తయిందని ప్రకటిస్తాను. రెండేళ్ళ వైద్యం మూడు నెలల్లో. ప్రపంచంలో ఎవడైనా చేశాడా?"

ఎవడూ చేయలేదని డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

"ఇదంతా ఎవడి వల్ల?" మేయర్ గారు మళ్ళీ బల్ల గుద్దారు. "నేను తీయడం లేదు. ఎవడో ద్రోహి ఫిర్యాదు చేసి పసిపిల్లల నోట్లో తీగ తెంపుతున్నాడు. ఓట్లేసేటప్పుడు జనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎవరో నాకు తెలియదు. పళ్ళ గురించి బాగా తెలిసినవాళ్ళే అయ్యుంటారు."

అందరం డాక్టరమ్మ వైపు చూశాం. సాయంత్రానికి ఊరంతా ఆవిడ వైపే చూసింది. ఆవిడ క్లినిక్ పక్కన రొట్టెల కొట్టువాడు కూడా ఆవిడకి రొట్టెలు అయిపోయాయన్నాడు. వెనక బుట్ట నిండా ఉన్నాయి.

నాకు పెద్ద ఫ్లెక్సీ ఆర్డరు వచ్చింది. "పళ్ళ పట్టభద్రులకు అభినందనలు" అని వేసి, కింద మేయర్ గారు నవ్వుతున్న బొమ్మ పెట్టాను. ఆయన పళ్ళు చక్కగా ఉంటాయి.

"డాక్టరమ్మ ఎందుకు చేస్తుంది నాన్నా?" అంది క్లారిబెల్ ఫ్లెక్సీ చుడుతూ. "తీగ లేకపోతే ఆవిడ తన డబ్బాలోది తీసి నాకు కట్టింది."

"మరెవరు చేసినట్టు?"

"అదే అడగాలి," అంది.

మర్నాడు మూడింటికి బాస్కెట్‌బాల్ కోర్టు నిండిపోయింది. రెండువందల మంది పిల్లలు తెల్ల గౌన్లలో నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. బ్యాండు మోగింది. పన్సిట్ నూడుల్స్ పంచారు. ఎన్నికల అధికారి అటర్నీ నింఫా గలేరాని ముందువరసలో కూర్చోబెట్టారు. చట్టాన్ని గౌరవించినందుకు ఆవిడకి మేయర్ గారి చేతుల మీదుగా జ్ఞాపిక ఉంది. డాక్టరమ్మ చివర నిలబడింది. ఆవిడ పక్క కుర్చీలు రెండువైపులా ఖాళీ.

మొదటి పేరు క్లారిబెల్‌ది. మా దగ్గర పతకం వేసేది తల్లిదండ్రులే కాబట్టి నేనూ వేదికెక్కాను. మేయర్ గారు ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో రిబ్బను కట్టిన తీగ కత్తెర పట్టుకున్నారు. మొదటి తీగ ఆయన కత్తిరిస్తారు, ఫొటో తీస్తారు, మిగతావి జీపువాళ్ళు చూసుకుంటారు.

"నోరు తెరువు బంగారం," అన్నారు మేయర్ గారు.

క్లారిబెల్ తెరవలేదు.

"భయం లేదు తల్లీ. నేనున్నాను కదా."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మైకు దగ్గరకి వంగింది. "ముందు ఫిర్యాదు చేసిందెవరో చెప్పండి. అప్పుడు తెరుస్తాను."

కోర్టంతా చప్పట్లు. వెనక బల్లల మీదనుంచి ఎవరో "చెప్పాల్సిందే" అని అరిచారు. మేయర్ గారి కళ్ళు చెమర్చాయి.

"న్యాయంగా అడిగింది," అన్నారు. "రెండు రోజులుగా నేను పడుతున్న బాధా ఇదే. ఆ ద్రోహి ఇక్కడే ఉండి ఉంటాడు, లేదా ఉండి ఉంటుంది." డాక్టరమ్మ వైపు జాలిగా చూసి, ముందువరసకి తిరిగారు. "ఏం చేస్తాం, పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. అంతే కదా అటర్నీ?"

అటర్నీ గలేరా పన్సిట్ ప్లేటు పక్కన పెట్టి మూతి తుడుచుకుంది.

"ఒప్పుకుంటుంది. అడిగితే చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"పోనీలెండి, శుభకార్యం పూట..."

"పొన్సియానో తబియోస్," అంది అటర్నీ.

బ్యాండువాళ్ళలో ఒకతని చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారిపడింది. మేయర్ గారు గట్టిగా నవ్వారు.

"మా ఇంట్లో ఆ పేరు ముగ్గురికుంది అటర్నీ. మా నాన్నకి, నాకు, మా అబ్బాయికి. నాన్న పోయి పదేళ్ళయింది. ఇక మావాడే అయ్యుంటాడు. కుర్రతనం. కన్నకొడుకైనా సరే, క్షమించమని నేను అడగను."

"అబ్బాయి కాదు," అంది అటర్నీ. "మా ఆఫీసుకి వచ్చి, కాఫీ తాగి, ఓడా లేదు, కొత్త తీగా లేదు కాబట్టి ఉన్న తీగలన్నీ ఎన్నికల ఆఫీసే తీసిందని గట్టిగా ప్రకటించమని చెప్పి వెళ్ళింది, ఆ కత్తెర పట్టుకున్నాయన."