నడిచిన పంచాయితీ

ఆ రోజు పొద్దున శ్యామలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఇబ్రహీంపట్నంలో తన ఇంటి నుంచి శేరిగూడ దాకా నడవాలి, మళ్లీ వెనక్కి నడవాలి. మధ్యలో ఎక్కడా కూలబడకూడదు. ఇందులో గొడవకు చోటెక్కడుందని మీరడగవచ్చు. మనిషి ఊరికే నడుస్తుంటే చూసి ఊరుకునే ఊరు మీదైతే అది మీ అదృష్టం.

యాభై ఎనిమిదేళ్ల శ్యామలమ్మ ఒకప్పుడు నాట్లలో ముందు వరస మనిషి. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి కూర్చుంది. మామూలుగా కూర్చోలేదు, సీరియల్ మీద సీరియల్, చాయ్ మీద చాయ్, అంత గట్టిగా కూర్చుంది. మోకాళ్లు బిగుసుకున్నాయి, షుగర్ వచ్చింది. కిందటేడు బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా చుట్టూ తిరిగి ఆడుతుంటే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, "పెద్దమ్మా, నువ్వు గీడ కూసో" అన్నారు. ఏటా పాట ఎత్తుకునే మనిషి ఆ ఏడు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి కోడలి ముందు చిన్నపిల్లలా ఏడ్చింది.

కోడలు భాగ్య శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. ఏడుపు చూసి ఊరుకునే రకం కాదు. మర్నాటి నుంచే అత్త చాయ్‌లో చక్కెర ఆగిపోయింది. రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. సీరియల్ సగంలో టీవీ కట్టేసి, "లే అత్తమ్మా, నడువు" అనడం మొదలైంది. తెల్లటి బూట్లు కూడా వచ్చాయి. అత్తకు కోడలు బూట్లు కొనడం ఆ వీధిలో అదే మొదలు. శ్యామలమ్మ మొదట తిట్టింది, తరువాత గొణిగింది, ఆ తరువాత వీధిలో అందరికీ బూట్లు చూపించి, "నా కోడలసొంటి కోడలు మీకెవలికన్న ఉన్నదా?" అని అడగసాగింది. కొడుకు మహేశ్వర్‌వి రాత్రి డ్యూటీలు. ఈ కథ అయ్యేదాకా అతను నిద్ర లేవడు కాబట్టి అతన్ని వదిలేద్దాం.

చిక్కల్లా చేతుల దగ్గర వచ్చింది. ఆడమనిషి కొడవలి పట్టుకుని పోతే పొలానికని, కవరు పట్టుకుని పోతే దుకాణానికని ఎవరికైనా తెలుస్తుంది. ఉత్త చేతులూపుకుంటూ, బూట్లేసుకుని గబగబా పోతే ఏమనుకోవాలి?

"ఏడికి పోతున్నవక్కా?"

"ఏడికి లేదు, ఊకెనే."

"ఊకెనే ఎవలన్న పోతరా? చెప్పరాదు!"

బండి మీద పోయే ప్రతివాడూ ఆగి, "ఎక్కు పెద్దమ్మా, దింపుత" అనేవాడు. ఎక్కనంటే కోపగించుకునేవాడు. ఒక షేర్ ఆటో అతనైతే, "నువ్వేమియ్యకు, ఎక్కు" అంటూ ఆవిడ పక్కనే ఆటోను మెల్లగా నడిపించుకుంటూ శేరిగూడ దాకా వచ్చాడు. నడిచేటప్పుడు మాట్లాడితే ఆయాసం వస్తుందని భాగ్య చెప్పింది. జవాబులు చెప్పీ చెప్పీ శ్యామలమ్మకు ఊపిరి చాలడం లేదు.

అందుకని ఆ రోజు ఆవిడకొక ఉపాయం తట్టింది. చేతిలో సంచి ఉంటే ఎవరూ అడగరు కదా! బట్టల షాపు సంచి ఒకటి తీసింది. ఖాళీ సంచి చప్పగా వేలాడుతోందని అందులో ఒక పాత చీర మడిచి పెట్టింది. తన తెలివికి తానే మురిసిపోయి, కోడలికైనా చెప్పకుండా గడప దాటింది.

తెల్లవారుతూనే, చీర పెట్టిన సంచి పట్టుకుని, గబగబా ఇల్లు దాటిపోయే ఆడమనిషిని చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు. అలిగి తల్లిగారింటికి పోతోందని. ఈ మాట ఇబ్రహీంపట్నంలో చంటిపిల్లలకూ తెలుసు. శ్యామలమ్మకూ తెలుసు. కాని ఎవరి మీద వాళ్లకు అనుమానం రాదు.

పక్కింటి నాగులమ్మ వాకిట్లో ముగ్గేస్తోంది. ఆవిడదీ శ్యామలమ్మదీ ఒకటే పుట్టిల్లు, కందుకూరు. "ఏడికక్కా?" అంది. శ్యామలమ్మ ఊపిరి దాచుకోవాలని మాట్లాడకుండా చెయ్యెత్తి చూపి సాగిపోయింది. నాగులమ్మ చేతిలో ముగ్గుపిండి చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నేరుగా భాగ్య వంటింట్లోకి నడిచింది.

"మీ అత్త పోయింది బిడ్డా!"

"అవ్, పోయింది. నేనే పంపిన" అంది భాగ్య, రొట్టె తిప్పుతూ.

"నువ్వే పంపినవా?"

"పంపకపోతె పోతదా? రోజు గొడవనే. ఎంత దూరం పోతె గంత మంచిది పెద్దమ్మా."

నాగులమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని బయటపడింది. వాకిట్లో నిలబడే కందుకూరుకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ అక్క సంచి పట్టుకోని పోయింది."

అటు వైపు వీరస్వామి, శ్యామలమ్మ తమ్ముడు. నలుగురి పంచాయితీలూ తెంపి తీర్పు చెప్పే మనిషి. బావ పోయాక అక్క బాగోగులన్నీ తనవేనని గట్టిగా అనుకునే మనిషి. కాకపోతే ఆ బాగోగులన్నీ కారులో కూర్చునే చూసుకుంటాడు. గేటు నుంచి రోడ్డు దాకా కూడా కారే.

"ఏ దిక్కు పోయింది?"

"శేరిగూడ దిక్కు."

"కందుకూరు గిటు గదా!"

"కోపంల దిక్కు తెలుస్తదా తమ్మీ?"

వీరస్వామి కారు తీశాడు. దారిలోనే తుర్కయాంజాల్‌కు, భాగ్య నాన్న బాలేష్‌కు ఫోన్ కొట్టాడు. "బాలేశన్నా, నీ బిడ్డ మా అక్కను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టింది. ఇగ నువ్వన్న రా, లేకపోతె మేమన్న వస్తం." బాలేష్ పెళ్లినాడు అప్పగింతల్లో, బిడ్డ తన పేరు నిలబెడుతుందని పదిమందిలో చెప్పిన మనిషి. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి బండెక్కాడు.

ఇవేమీ తెలియని శ్యామలమ్మ శేరిగూడలో కాలేజీ బస్సుల పక్క నుంచి తిరుగుముఖం పట్టింది. వీధి దాటాక ఒక్కరూ ఏడికని అడగలేదు. సంచి భలే పనిచేసిందనుకుంది. అంతలో పక్కన కారు ఆగింది.

"ఎక్కక్కా" అన్నాడు వీరస్వామి.

శ్యామలమ్మ కారు కిటికీలోకి వంగి చూసింది. "ఏందిరా గింత పొద్దుగాల? ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోతరు? నువ్వే పోతున్నవ్. నేను బతికుండంగ నువ్వు రోడ్ల పొంటి తిరుగుడేంది? ఎక్కు!" అంటూ దిగి సంచి లాక్కున్నాడు. తెరిచాడు. లోపలి చీర తీసి రోడ్డు మీద నలుగురికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఇగో! చీర! ఇంకేం రుజువు కావాలె?"

శ్యామలమ్మ ఏదో చెప్పబోయేసరికి భాగ్య స్కూటీ వచ్చి ఆగింది. ఈ వార్త ఆమెకు తండ్రి ఫోన్‌లో తెలిసింది. వెనక సీటు మీద నాగులమ్మ కూడా ఉంది, ఇంత మంచి సంగతిని ఆవిడ వదులుకుంటుందా! భాగ్య చీర చూసింది, అత్తను చూసింది.

"నిజంగనే అలిగినవా అత్తమ్మా? నిన్న సీరియల్ సగంల టీవీ బంద్ చేసిన, దానికా?"

"టీవీ బంద్ చేస్తున్నవా?" అన్నాడు వీరస్వామి.

"చాయ్‌ల చక్కెర బంద్ చేసిన, దానికా?"

"చక్కెర గూడ ఇస్తలేవా!"

"రాత్రి అన్నం పెడ్తలేనని..."

"అన్నం గూడనా!" వీరస్వామి గొంతు ఎదుటి చాయ్ కొట్టు దాకా వినబడింది. అక్కడివాళ్లు గ్లాసులతో సహా ఇటు వచ్చారు. సరిగ్గా అప్పుడు గుంపును చూసి బండి దిగిన బాలేష్ చెవిన పడ్డది కూడా ఆ ఆఖరి మాటే. "ఏంది బిడ్డా? అత్తకు అన్నం పెడ్తలేవా నువ్వు?" అన్నాడు. అంటూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీరస్వామి తీర్పు చెప్పేశాడు. "అక్కను కందుకూరు తీస్కపోత. పదిమందిల కూసోని మాట్లాడుదం."

భాగ్య అత్త చేతులు పట్టుకుంది. "నీకు దండం పెడ్త అత్తమ్మా, ఈ నడుసుడు బంద్ చెయ్. టీవీ చూడు, చక్కెర తిను. అత్తను మాడ్చి చంపిన కోడలన్న పేరు నాకొద్దు."

శ్యామలమ్మ లెక్క చూసుకుంది. కారెక్కిందా, అలిగినట్టే. కోడలి పేరు ఊరంతా పాడవుతుంది. నడక ఆపిందా, మళ్లీ ఆ కుర్చీ. సర్ది చెబుదామంటే ఇంత మంది గోలలో తన గొంతు వినిపించడం లేదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తమ్ముడి చేతిలోంచి సంచి గుంజుకుంది, చీర లోపల కుక్కింది.

"నా కాళ్లు సల్లవడితె మళ్ల సాగయ్. మాట్లాడాలంటె నడుసుకుంట మాట్లాడుండ్రి" అని ఇంటి వైపు తిరిగి నడక అందుకుంది.

పోతున్న మనిషి వీపుతో పంచాయితీ ఎలా తెంపుతారు? వీరస్వామి వెంట పడ్డాడు. బాలేష్ అతని వెంట పడ్డాడు. భాగ్య స్కూటీ నెట్టుకుంటూ, నాగులమ్మ కొంగు బిగించుకుంటూ బయల్దేరారు. సాగర్ రోడ్డు మీద పంచాయితీ కదిలింది.

"ఒకటోది," అన్నాడు వీరస్వామి వేలు చూపిస్తూ, "చక్కెర. మా అక్క... చక్కెర లేకుంట... చాయ్..." రెండోది చెప్పడానికి నోరు తెరిచాడు గాని మాటకు బదులు ఊపిరే వచ్చింది. బాలేష్ అందుకుని, "మా బిడ్డ గసొంటిది..." అని అక్కడే ఆగిపోయి, చెప్పులు చేత పట్టుకుని మళ్లీ నడిచాడు. కాసేపటికి ఆ రోడ్డు మీద మాట్లాడగలిగే ఊపిరి ఒక్క శ్యామలమ్మకే మిగిలింది. ఆవిడ దాన్ని పొదుపు చేయలేదు.

"చక్కెర బంద్ చేసింది నా కోడలే. అన్నం బంద్ చేసింది నా కోడలే. షుగర్ ఉన్నదానికి మరేం పెట్టాలెరా, లడ్డూలా? పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లగొట్టేది గూడ నా కోడలే. అలిగి కాదు తమ్మీ, దారిల అందరు ఏడికేడికని సంపుతుంటె సంచి పట్టుకున్న. పోయినేడు బతుకమ్మకు నన్ను కుర్చీల కూసోబెట్టిండ్రు. నువ్వు చూసినవ్, పక్కన నిలబడి ఫోటో గూడ దిగినవ్. అక్కా లే అన్నవా? బాలేశన్నా, నువ్వు ఆపిల్ పండ్లు పట్టుకోని చూడ వచ్చినవ్. నువ్వన్న లెవ్వుమన్నవా? అందరు కూసో, కూసో అన్నోళ్లే. లే అన్నది ఈ పిల్ల ఒక్కతే!"

తిరిగి చూస్తే వీరస్వామి కల్వర్టు గోడ మీద కూలబడి ఉన్నాడు. వెనక్కి పోదామంటే కారెంత దూరమో, ముందుకు పోదామంటే అక్క ఇల్లూ అంతే దూరం. చొక్కా వీపుకు అంటుకుపోయింది. శ్యామలమ్మ వెనక్కి నడిచి చెయ్యి చాపి, అంత మనిషినీ ఒక్క గుంజుతో లేపింది.

"అక్కా," అన్నాడు, "నీకు... ఆయాసం... వస్తలేదా?"

"లేదురా" అంది. అన్నాక గాని ఆ సంగతి ఆవిడకే తెలియలేదు. నిజంగానే రావడం లేదు! ఇంత దూరం నడిచింది, ఇంత సేపు తిట్టింది, తమ్ముణ్ని లేపి నిలబెట్టింది, ఊపిరి ఊపిరిలాగే ఉంది. కాళ్లు ఇంకా పోదామంటున్నాయి. శ్యామలమ్మ ఛాతీ ఇంత లావున పొంగింది. "చూసినవా భాగ్యా!" అంది. భాగ్య ఏడుస్తూనే పకపకా నవ్వింది. బాలేష్ బిడ్డ పక్కకు చేరి, చెప్పులు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆమె తల నిమిరాడు.

"బిడ్డా భాగ్యా, జర స్కూటీ మీద..." అన్నాడు వీరస్వామి ఆశగా. భాగ్య అత్త వైపు చూసింది.

"లే తమ్మీ, నడువు" అంది శ్యామలమ్మ.

అలా ఇబ్రహీంపట్నం చేరారు. ముందు పిడికిళ్లు ఊపుకుంటూ తెల్ల బూట్ల శ్యామలమ్మ, వెనక చెమటలు కక్కుతూ కందుకూరు పెద్దమనిషి, ఆ వెనక చెప్పులు చేత పట్టుకున్న వియ్యంకుడు. హోటళ్ల ముందు జనం లేచి నిలబడి చూశారు. నాగులమ్మ జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఎంతో ప్రయత్నించింది గాని, కళ్లతో చూసినదాన్ని కాదని ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి ఊళ్లో తేలిన సంగతి ఇదీ: కోడల్ని ఒక్క మాట అన్నందుకు శ్యామలమ్మ తమ్ముణ్నీ వియ్యంకుణ్నీ శేరిగూడ దాకా వెంటపడి పట్టుకుని, రోడ్డు పొడుగునా తిట్టుకుంటూ తోలుకొచ్చి, ఆ పిల్ల ముందు కూర్చోబెట్టిందట.

మర్నాడు శ్యామలమ్మ ఉత్త చేతులతో బయల్దేరింది. బండ్లవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు, షేర్ ఆటో అతను దూరం నుంచే నమస్కారం పెట్టాడు, ఏడికని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

నిజం చెబుదామని శ్యామలమ్మ రోజూ అనుకుంటుంది గాని, నడిచేటప్పుడు మాట్లాడకూడదు కదా.