మగ్గం గుంటలో సవతి

ఆ ఆదివారం పొద్దున కనకయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగి, వెనుక గదిలోని పాత మగ్గం గుంటను మట్టితో పూడ్చి, గచ్చు వేసే మేస్త్రీకి గది అప్పగించాలి, అంతే. సిరిసిల్లలో మరమగ్గాలు వచ్చి ఎన్నేళ్లయిందో అందరికీ తెలుసు. కనకయ్య ఇంట్లోనూ నాలుగు టకటకలాడుతున్నాయి. అయినా తండ్రి కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసిన గుంట కదా అని దాన్ని అలాగే ఉంచేశారు. ఉంచినందుకు అది ఊరికే ఉందా అంటే లేదు. ఒక వానాకాలం కప్పలు చేరాయి, ఒక ఎండాకాలం పిల్లి ఈనింది. కూతురు కల్యాణి పెళ్లిలో మగపెళ్లివారి పెద్దమనిషి ఒకాయన అందులో కాలు పెట్టి, కుంటుకుంటూనే మూడు సార్లు పప్పు వడ్డించుకుని తిని పోయాడు. కోరుట్లలో ఆయన ఇప్పటికీ ఆ గుంట మాటే ఎత్తుతాడు, పప్పు మాట ఎత్తడు.

పార రెండో దెబ్బకే ఖంగుమంది. మట్టి తీసి చూస్తే తుప్పు పట్టిన రేకు డబ్బా. డబ్బాలో గుడ్డమూట, మూటలో నాణేలు. నల్లబడిన రాగి పైసలు, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపువి కొన్ని, వాటన్నిటి అడుగున తాడు దూర్చడానికి పైన కొక్కెం అతికించిన ఒక వెండి బిళ్ళ. ఎవరి మెడలోనో ఏళ్ల తరబడి ఒరుసుకుందేమో, రెండు పక్కలా అరిగిపోయింది. ఒక పక్క ఆకుల దండలాంటిది ఉండీ లేనట్టుంది. రెండో పక్క మాత్రం ఒక ఆడమనిషి ముఖం. పక్కకు తిరిగి ఉంది, వెనుక కొప్పు.

కొడుకు విజయ్ మగ్గాలు ఆపి పరుగెత్తుకొచ్చాడు. వాడు ఆ పూట మళ్లీ మగ్గం మొఖం చూడలేదు. ఫోన్ ముందు కూర్చుని పాత నాణేల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూసి, తండ్రికి పాఠం చెప్పాడు. పాత నాణేన్ని కడగకూడదు, తోమకూడదు. చింతపండు, బూడిద దగ్గరికే రానీయకూడదు. ఆ నలుపు మురికి కాదు, దాని వయసు. తోమితే వయసూ పోతుంది, విలువా పోతుంది. పట్టుకుంటే అంచు పట్టుకోవాలి తప్ప బొమ్మ మీద వేలు పెట్టకూడదు, వేలి చెమటకు మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో వద్దు, మెత్తటి పొడి గుడ్డలో చుట్టి తడి తగలని చోట దాచాలి. కనకయ్య చెప్పింది చెప్పినట్టు వింటాడు, అది ఆయనలో మంచి గుణం. ఆ మంచి గుణమే కొంప ముంచింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి రుక్కమ్మ కూరలోకి కల్యామాకు కోసం వచ్చింది. వచ్చినావిడ ఆకు తీసుకుని పోవచ్చు కదా. బిళ్ళను చూసింది, ఎండలోకి తిప్పి చూసింది, కనకయ్యను ఒకసారి చూసింది, ఆ తర్వాత కనకయ్య భార్య బాలమణిని దొడ్లోకి పిలిచింది.

"రూపాయి మీద రాజుంటడు, లేకుంటె చార్మినార్ ఉంటది. కొప్పు ముడిసిన ఆడిది ఎందుకుంటది చెల్లే? కొక్కెం సూడు. ఇది సవితి బిళ్ల."

సవతి బిళ్ళ అంటే తెలియనివారికి ఒక మాట. మొదటి భార్య పోయాక మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, వచ్చిన ఆవిడ పోయిన ఆవిడ పేరున ఒక బిళ్ళ చేయించుకుని పుస్తెలతో పాటు మెడలో వేసుకుంటుంది. కొత్త చీర కట్టేముందు ఆ బిళ్ళకు చూపించాలి, పండగపూట ముందు ఆమెకు పెట్టి తర్వాత తాను తినాలి. చేయకపోతే ఆమె అలుగుతుంది. అలిగితే ఇంట్లో ఏమేం జరుగుతాయో చెప్పడానికి ప్రతి వాడలోనూ ఒక రుక్కమ్మ ఉంటుంది.

బాలమణి అక్కడే బండ మీద కూర్చుండిపోయింది. ఈ ఇంట్లో మొదటి అడుగు తనదేనని ఆమె నలభై ఏళ్లుగా చెప్పుకుంటూ వస్తోంది. కనకయ్య చూసిన మొదటి సంబంధం తాను, చేసుకున్న మొదటి మనిషి తాను. తోటికోడళ్ల ముందు, వియ్యపురాలి ముందు ఆమె తల ఎత్తుకు నిలబడింది ఆ ఒక్క మాట మీదే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి. కొన్న ఏడాదే మోటారు కాలిపోవడం, విజయ్ ఇంటర్ తప్పడం, ఎంత పోసినా తన పప్పు ఒకోసారి ఉడకకపోవడం. ఒకతి ఇంట్లో ఇన్నేళ్లు ఆకలితో కూర్చుంటే ఉడుకుతుందా మరి?

ఆమె తగువు పెట్టుకోలేదు. ముఖం ఒకసారి స్పష్టంగా చూస్తే చాలనుకుంది. గిన్నెలో చింతపండు నానబెట్టి బిళ్ళ చేతిలోకి తీసుకుంది. కనకయ్య గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ముఖం మీద వేలు పెట్టకు. మెల్లగ, అంచు పట్టుకో."

బాలమణి బిళ్ళ వదిలేసింది. తన పెళ్లి చీరతో మోటారు గ్రీజు తుడిచిన మనిషి ఇతను. చంటిపిల్లను ఎత్తుకోమంటే బియ్యం సంచి ఎత్తినట్టు ఎత్తిన మనిషి. ఆ మనిషి నోట ఆమె నలభై ఏళ్లలో 'మెల్లగ' అనే మాట వినలేదు. ఆయన ఆ బిళ్ళను మెత్తటి గుడ్డలో పొరలు పొరలుగా చుట్టి, బీరువాలో పెట్టి, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక సాక్ష్యం ఏం కావాలి?

కనకయ్య నెత్తి కొట్టుకుని చెప్పాడు. అది ఇంగ్లీషువాళ్ల కాలపు కల్దారు రూపాయి అయి ఉంటుందన్నాడు, తనకు ఏ మొదటి భార్యా లేదన్నాడు, ఒట్టు వేశాడు. కాదన్న కొద్దీ బాలమణి ఇంకా మెత్తబడి, ఇంకా జాలిగా చూసింది. చివరికి ఆయనే, అనుమానముంటే రాయికల్‌లో ఉన్న తన మేనత్తకు ఫోన్ చేసి అడగమన్నాడు. వాళ్ల తరంలో మిగిలింది ఆ ముసలమ్మ ఒక్కతే.

ఆమెకు వినికిడి తక్కువ. పైగా ఫోన్ మోగే వేళకు బర్రె దగ్గర కూర్చుని ఉంది. నాకంటే ముందు ఈ ఇంట్లో ఒకతి ఉండెనా అని బాలమణి అరిచి అడిగితే, ముసలమ్మ చెవిలో పడింది 'ముందు' అన్న మాటా 'ఉండెనా' అన్న మాటా. బర్రె పక్కన కూర్చున్నవాళ్లకు బర్రెలే గుర్తొస్తాయి. సిరిసిల్ల ఇంట్లో వెనకటికి ఉన్న బర్రెను తలుచుకుని ఆమె ప్రేమగా మొదలుపెట్టింది.

"ఉండె గద బిడ్డా. నువ్వు రాకముందుది. నల్లగుండె గని మంచిది. ఇంటిల్లిపాదిని అదే సాకింది. జర తంతుండె. అది సచ్చిననాడు మా కనకడు బువ్వ తినలే."

అక్కడికి సిగ్నల్ పోయింది. బాలమణి ఫోన్ కింద పెట్టి భర్త వైపు చూసింది. స్పీకర్‌లో అంతా విన్న కనకయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"అది బర్రెనే" అన్నాడు.

"సచ్చిపోయినామెను గట్ల అనకు" అంది బాలమణి.

మర్నాటికి కోరుట్ల నుంచి కల్యాణి బస్సెక్కి వచ్చింది. ఆమె వచ్చింది నాన్నను నిలదీయడానికి కాదు, ఓదార్చడానికి. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "ఉంటె ఉన్నదని చెప్పు బాపు. మేమేమన్న అంటమా?" అని ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. అల్లుడు ఫోన్ చేసి, ఏమీ అడగకుండా, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాడు. వాడలో ఆడవాళ్లు కనకయ్య ఎదురుపడితే కొంగు సరిచేసుకుని పక్కకు తప్పుకుంటున్నారు, చావింటి మనిషికి దారి ఇచ్చినట్టు. మగవాళ్లయితే ఇంతకాలం కడుపులో ఎలా దాచుకున్నావని మెచ్చుకోలుగా అడుగుతున్నారు.

ఇంట్లో వంట మానలేదు, అవి వేరే తిప్పలు. వండినదానిలో మొదటి వడ్డన ఆ పోయిన ఆమెకు. విస్తరి పెరటి గోడ మీదికి పోతుంది, కాకి వచ్చి ముట్టిన తర్వాతే కనకయ్యకు అన్నం. కోడికూర వండిన రోజు కాలి ముక్క ఆమెది. ఆ కాకి ఎంత మర్యాద తెలిసినదంటే, వచ్చి, చూసి, వెళ్లి, చుట్టాలను పిలుచుకొచ్చి అప్పుడు తినేది. అంతసేపూ కనకయ్య పళ్లెం ముందు పెట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు. ఆ చూపును బాలమణి మరో రకంగా అర్థం చేసుకుని కళ్లు తుడుచుకునేది.

ఇంతలో పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. ఊరంతా సంచులు పట్టుకుని వరుసలో నిలబడి ఉంది. కనకయ్య తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. బాలమణి మూడో సంచి ముందుకు జరిపింది. అందులో కొత్త చీర కూడా ఉంది.

పేరు చెప్పమన్నాడు అయ్యగారు. పేరు లేకుండా ఇస్తే ఎవరికీ అందదు. బాలమణి భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆ ఒక్క ముక్క చెప్పేస్తే తన గుండె కుదుటపడుతుందన్న ఆశ తప్ప. వెనుక వరుసలో వాళ్లు దగ్గుతున్నారు. కనకయ్యకు పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. అన్నం వేడిగా తిని ఎన్ని రోజులైందో గుర్తు చేసుకోబోయి, గుర్తురాక, నోరు తెరిచాడు.

"సులోచన" అన్నాడు. అయ్యగారు మళ్లీ అడగకముందే, "గోత్రం మాదే" అని కూడా కలిపాడు.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికి తెలియాలి. కనకయ్యకైతే తెలియదు. ఎరిగినవాళ్లలో ఆ పేరు గలవాళ్లు ఎవరూ లేరు. ఆకలి మీద ఏదో ఒక పేరు వస్తుంది, ఆయనకు అది వచ్చింది.

బాలమణి అక్కడే నిలబడి కడుపారా ఏడ్చింది. ఇంటికి వచ్చి వేడి వేడి అన్నం, పచ్చిపులుసు, గారెలు పెట్టింది. ఇన్నాళ్లూ నీలోనే నువ్వు కుమిలిపోయావు కదా అని విసనకర్రతో విసిరింది కూడా. అంత సుఖం కనకయ్య పెళ్లైన కొత్తలో కూడా ఎరగడు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఆమె సులోచనక్క పేరున ఒక వరుస గునుగుపూలు వేరేగా పెట్టింది. చాయ్‌లో చక్కెర కూడా ఒక చెంచా ఎక్కువ పడుతోంది. అబద్ధం ఆడినందుకు ఆయన మనసు కొంచెం పీకింది గానీ, చాయ్ తాగాక సర్దుకుంది.

తిప్పలు విజయ్ వైపు నుంచి వచ్చాయి. జగిత్యాలలో దివాకర్ అని బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక సార్ ఉన్నాడు, పాత నాణేలు సేకరిస్తాడు, చూసి విలువ చెబుతాడు. వాడు ఆయనతో మాట్లాడి పెట్టుకున్నాడు. బిళ్ళ అమ్మే మాట వినగానే బాలమణి కొంగు బిగించింది.

"ఇంటి ఆడిదాన్ని అమ్ముకుంటర్రా?"

అమ్మేది లేదు, చూపిస్తామంతే అని వాడు ఒట్టు పెట్టాడు. అయితే తానూ వస్తానంది. వచ్చేటప్పుడు కంసాలి దగ్గర కొత్త తాడు వేయించి తన మెడలో వేసుకోవాలని ఆమె ఆలోచన. పాపం, బయలుదేరే ముందు బిళ్ళకు పసుపు రాసి, నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. విజయ్ చూసేసరికి పసుపు ఆరిపోయింది కూడా. వాడు బస్సులో దారి పొడుగునా ఆ మూటను ఆస్పత్రికి తీసుకుపోతున్న మనిషిలా ఒళ్లో పెట్టుకున్నాడు.

దివాకర్ సార్ శుభ్రమైన మనిషి. ముందు అందరి చేతులూ కడిగించాడు, బల్ల మీద మఖమల్ గుడ్డ పరిచాడు. మిగతా నాణేలను పక్కన పెట్టి, అవి ఎక్కడైనా దొరికేవేనని, అయినా పొడి కాగితంలో విడివిడిగా ఉంచుకోమని చెప్పాడు. ఆ తర్వాత ఆ బిళ్ళను అంచు పట్టుకుని ఎత్తి, వెలుతురులోకి తిప్పాడు.

"ఈవిడకు బొట్టు ఎవరు పెట్టారు?" అన్నాడు.

బాలమణి తానే అంది. ఆయన మంచినీళ్లు చుక్క చుక్కగా వేసి, రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్ది అద్ది పసుపు తీశాడు. భూతద్దం పెట్టి అంచున మిగిలిన రెండు మూడు అక్షరాలు చూశాడు. లేచి ఒక ఆల్బమ్ తెచ్చి పక్కన పెట్టాడు. అందులో అరగని రూపాయి ఒకటుంది. అదే ముఖం, అదే ముక్కు, అదే కొప్పు.

"విక్టోరియా మహారాణి అమ్మా, లండన్. పాత కంపెనీ రూపాయి ఇది. అప్పట్లో చాలామంది కొక్కెం పెట్టించుకుని మెడలో వేసుకునేవాళ్లు. కొక్కెం అతికించారు, రెండు పక్కలా అరిగింది, కాబట్టి సేకరించేవాళ్లు కొనరు. వెండి విలువే. ఇంట్లో దాచుకోండి."

విజయ్ కుర్చీలో జారిపోయాడు. కనకయ్య మాత్రం నిటారుగా కూర్చున్నాడు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. మా అమ్మదో, నాయనమ్మదో అయి ఉంటుంది, నేను మొదటి నుంచీ చెప్పలేదా అని భార్యను అడిగాడు, సార్‌ను అడిగాడు, చాయ్ తెచ్చిన సార్ భార్యను కూడా అడిగాడు.

బాలమణి బిళ్ళను దగ్గరికి తీసుకుంది. రాణి ముఖాన్ని తనివితీరా చూసింది, చాయ్ తాగింది, బిళ్ళను కొంగున కట్టుకుంది, దండం పెట్టి బయటికి నడిచింది. కంసాలి దుకాణాలు దాటినా ఆగలేదు. బస్టాండులో విజయ్ బస్సు కనుక్కోవడానికి పోయినప్పుడు, సిమెంటు బల్ల మీద భర్త పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"గీమె రాణి. సరే. మరి సులోచన ఎవలు?"

కనకయ్య చెయ్యి మీసం మీది నుంచి దిగింది. ఎవరూ లేరన్నాడు. నోటికి వచ్చింది చెప్పానన్నాడు.

"అంగట్ల మూడు తీర్ల కూరగాయలు తెమ్మంటె రెండే యాదికుంటయి నీకు. గా పేరు గంత జల్ది ఎట్లచ్చింది?"

ఆకలి మీద వచ్చిందన్నాడు. అది నిజమే, అదే ఆయన దురదృష్టం. బాలమణి కొంగు ముడి ఇంకొంచెం బిగించి, చాలా ఆలోచించి, లెక్క తేల్చింది.

"గిది సవితి బిళ్ల కాదంటె, గామె సచ్చిపోలేదన్నట్టే గద."

అంతలో విజయ్ పరుగెత్తుకొచ్చి బస్సు వచ్చిందన్నాడు. బాలమణి కిటికీ పక్క కూర్చుంది, కనకయ్య రెండు సీట్లు వెనక కూర్చున్నాడు. మొదటి భార్య పోయిన మనిషిగా గడిపిన ఆ కొద్ది రోజులే తన కాపురం మొత్తంలోకెల్లా ప్రశాంతమైనవని ఆయనకు వేములవాడ దాటాక అర్థమైంది.