రాయబార విరమణ పర్వము

ఆలకింపుడు! భానుడు నడినెత్తికెక్కి, గోడగడియారపు ముళ్లు రెండును పన్నెండుపై ఆలింగనమొందగా, ఏడవ నంబరు టోకెన్ ప్రకటితమైన ఆ శుభముహూర్తమున, లిఫ్టు పనిచేయని భవనపు మూడవ అంతస్తునగల కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రమను రణరంగమునకు మువ్వురు యోధులు రొప్పుచు విచ్చేసిరి.

ప్రథముడు క్లచ్చుబ్రేకుశాస్త్రపారంగతుడు, సహస్రశిష్యసేవితుడు, డ్రైవింగ్ స్కూలు గురువైన తండ్రి. ద్వితీయుడు ఆయన కొడుకయ్యును ఎదురువీధి డ్రైవింగ్ స్కూల్లో నేర్చి లైసెన్సు సంపాదించిన మహాద్రోహి. నాటినుండి పదకొండు నెలలుగా వారి మాటలన్నియు మూడవదియైన తల్లి నోటిగుండానే నడిచెను. "వాడిని ఫ్యాను కట్టేయమను." "కట్టేయనని చెప్పమ్మా." ఒకే గదిలో, మూడడుగుల దూరమున, ఈ రాయబారములు మోసి మోసి ఆ ఇల్లాలు తన సొంతమాట పలికి ఎన్నాళ్లైనదో మరచెను. పాపము, ఆమె నిజముగనే అలసిపోయెను. ఇక తనవల్ల కాదని, ఇట్లే సాగినచో చెల్లెలింటికి పోయి తిరిగిరానని శపథమొనర్చి, ఇద్దరినీ ఈడ్చుకొచ్చినది ఆమెయే.

"అమ్మా, పది నిమిషాలు మీరు నోరు విప్పకూడదు" అని కౌన్సెలరు శాసించెను.

అంతట తండ్రి గర్జించెను: "ఊరు ఊరంతా నా చేతుల మీదుగా రోడ్డెక్కింది మేడం! నా ఇంట్లోవాడు మాత్రం పరాయి గడప తొక్కాడు! ఎందుకు తొక్కాడో వాణ్ణడగండి!"

కుటుంబబంధపటిష్ఠీకరణడిప్లొమావిభూషితయగు ఆ మేడం కొడుకువైపు తిరిగి, "బాబూ, ఎందుకెళ్లావని అడుగుతున్నారు నాన్నగారు" అనెను.

"ఆయన పక్కనుంటే నాకు కాళ్లు వణుకుతాయని చెప్పండి."

"వణుకుతాయటండీ."

కొత్త రాయబారి దొరికెను! వీరులిద్దరును కుర్చీలలో సుఖముగా వెనుకకు వాలిరి. తల్లి పంటిబిగువున మౌనము పాటించుచు మేడంను చురచుర చూచెను. ఆ చూపునకు మేడం నాలుక కరచుకొని, తానును నోరు మూసికొనెను. ఆ పిమ్మట ఆ గదిలో ఘోరనిశ్శబ్దసంగ్రామము చెలరేగెను. ఎనిమిదవ నిమిషమున గురువు ఓడెను.

"ఎందుకురా వణకడం?"

"మీరు అరుస్తారు నాన్నా. శిష్యుల మీద అరవరు, నా మీదే అరుస్తారు."

"వాళ్లు గుద్దితే బండి పోతుందిరా. నువ్వు గుద్దితే..."

సహస్రశిష్యసేవితుడు తన కుర్చీని కొడుకువైపు జరుపుకొనెను. కొడుకు తల వంచుకొనెను.

"ఇప్పుడు మీరు చెప్పండమ్మా" అనెను మేడం. ఎవరి మాట మోయునోయని ఇద్దరును అలవాటుగా ఆమె నోటివైపు చూచిరి.

"ఇంటికి బండి వాడు నడుపుతాడు. ముందు సీట్లో నేను కూర్చుంటా. మీరు వెనక కూర్చోండి."

అట్లు ఆ మహాగురువు జీవితమున తొలిసారి వెనుకసీటునధిరోహించి, రెండు కిలోమీటర్ల దారిలో "బ్రేకు!" అని కేవలము పద్నాలుగుసార్లు అరచెను. ఆ పద్నాలుగును నేరుగా కొడుకుమీదనే అరచెను! జయము! దిగ్విజయము! ఆ పద్నాలుగింటిలో ఒక్కటియు మోయవలసిన పనిలేక ఆ ఇల్లాలు అద్దము దించుకొని, ముఖమునకు గాలి తగులుచుండగా, హాయిగా నిద్రపోయెను.