దిగిరాని గద్ద

ఆ పొద్దున నవీనకున్న పని ఒక్కటే: బొమ్మను ముట్టుకోకుండా కూర్చోవడం. నిర్మల్‌లో వాళ్ళింటి ముందుగదిలో, ఎత్తుపీట మీద, రెండు రెక్కలూ పైకి చాచి దేవదూత నిలబడి ఉంది. ఆసిఫాబాద్ వైపు ఒక ఊరి చర్చివాళ్ళు క్రిస్మస్ పశువులపాకలో పెట్టడానికి చేయించుకుంటున్న బొమ్మ అది. రంగు ఆరుతోంది. మధ్యాహ్నానికి సంఘపెద్ద అబ్రహాం బస్సు దిగి వచ్చి తీసుకుపోతాడు.

చెప్పడానికి ఇంతే. కానీ నవీన గుండె మాత్రం ఆ పీట మీదే ఉంది. తల్లి బాలలక్ష్మి పొనికి చెక్క మీద ఉలి ఆడిస్తుంటే, గరుకుకాగితంతో రుద్దే పని తప్ప ఇన్నేళ్ళూ తనకు ఇంకోటి దక్కలేదు. ఈ దూతను మొట్టమొదటిసారి తల నుంచి కాలిదాకా తానే చెక్కింది.

"సారు మెచ్చిండా, ఇగ ఉలి నీదే. మెచ్చలేదా, ఎప్పటి లెక్క రుద్దుకుంట కూసో," అని తేల్చి చెప్పి, బాలలక్ష్మి వెనుక దొడ్లోకి చెక్క ఆరేయడానికి పోయింది.

ఊరికే కూర్చోవడం నవీనకు చేతకాని విద్య. ఫోను తీసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పీట ముందు గచ్చు మీద చతికిలబడి, నెల రోజులుగా తనను ఏడిపిస్తున్న ఆటలోకి దూకింది.

ఆ ఆటలో నేల మీద నడిచే రాక్షసులతో ఆమెకు పేచీ లేదు. వాళ్ళు మర్యాదస్తులు. ఎదురుగా వస్తారు, కొడతారు, కొడితే చస్తారు. పేచీ అంతా గద్దతోనే. నవీన చేతిలో మూరెడు కత్తి. గద్దేమో తాటిచెట్టెత్తున తిరుగుతూ నిప్పులు కక్కుతుంది. ఆమె ఎగిరితే అది ఇంకాస్త పైకి పోతుంది. దెబ్బలకు మందు తాగుదామని ఆమె సీసా ఎత్తిందా, సరిగ్గా అప్పుడే దిగి పొడిచి, కత్తి దూసేలోగా మళ్ళీ మబ్బుల్లో ఉంటుంది. గద్దకు రెక్కలిచ్చిన మహానుభావుడికి, ఈమెకో నిచ్చెన ఇవ్వాలని తోచలేదు.

"కిందికి దిగు!" నవీన గొంతు ఇల్లంతా మోగింది. "మీదికెల్లి నిప్పులు గక్కుడు గాదు, దమ్ముంటే దిగు! నీ రెక్కలు ఇరగ్గొట్టి పొయ్యిల వెడ్త!"

ముందు బస్సే దొరికిందని తొందరగా వచ్చేసిన అబ్రహాం సరిగ్గా ఆ మాటకే గుమ్మంలో అడుగుపెట్టాడు. అతనికి కనబడినవి రెండే: అటు తిరిగి కూర్చున్న ఆడపిల్ల వీపు, ఆమె ఎదురుగా చేతులు జోడించిన దేవదూత. ఒళ్ళో ఉన్న ఫోను గానీ, జుట్టు కింది ఇయర్‌ఫోన్లు గానీ కనబడలేదు.

"నెల రోజులాయె నన్ను పరేషాన్ చేయవట్టి! నీకు నేనేం పాపం జేసిన?" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

గద్ద దిగింది, పొడిచింది, ఆట ముగిసింది. నవీన ఒళ్ళు మండి చేయి విసిరింది. చేతిలోని ఫోను వెళ్ళి దూత కుడిరెక్కకు తగిలింది. రెక్క ఠప్పున ఊడి గచ్చు మీద పడింది. నెల రోజుల పోరులో ఆమె నేల కూల్చిన మొదటి రెక్క అదే.

అబ్రహాం చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గాడు. అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని, ఆ బిడ్డ కోసం ప్రార్థన మొదలుపెట్టాడు.

లోపల నవీన ఊడిన రెక్కను ఏరుకుంది. గమ్ము ట్యూబు పిండితే గాలి వచ్చింది. చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి రెక్కను అతికించి, అతుకు మీద రంగు పూసింది. ఆ బంక ఆరడానికి పూట పడుతుందని ఆమెకు తెలుసు. ఇంకో దారి లేదని కూడా తెలుసు.

ఇంతలో బాలలక్ష్మి దొడ్లోంచి పక్కసందు గుండా ఇంటి ముందుకు వచ్చింది. చూస్తే ఏముంది, అబ్రహాం కళ్ళు మూతలు పడి ఉన్నాయి, పెదవులు అదురుతున్నాయి.

"అయ్యో, సారుకు కండ్లు దిరిగినయ్!" అని చెంబెడు నీళ్ళు తెచ్చి నెత్తిన గుమ్మరించింది. డిసెంబరు చలికి ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

"నాకేం గాలేదమ్మా," అన్నాడు అబ్రహాం, పళ్ళు టకటకలాడుతుండగా. "నా ఫికరంత మీ బిడ్డ గురించి. లోపట దేవదూతతోని కొట్లాడుతాంది. రెక్క సుతం ఇరగ్గొట్టింది. నెల రోజుల సంది నడుస్తుందట గీ లొల్లి."

బాలలక్ష్మి ఖాళీ చెంబు అరుగు మీద పెట్టేసింది. "నిజమే సారూ! నిద్రల సుతం 'దిగు, దిగు' అని కలవరిస్తది. నేను ఉలి చేతికియ్యకపోతిని, పిల్ల మనసు ఇరిగిపోయింది," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇద్దరూ మెల్లగా లోపలికి వచ్చారు. నవీన బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"బిడ్డా, ఉలి నీదే. రేపటికెల్లి రుద్దుడు నేను రుద్దుత," అంది తల్లి.

"దేవునితోని అలిగినా తప్పు లేదు బిడ్డా," అన్నాడు అబ్రహాం, తలలోంచి నీళ్ళు కారుతుండగా. "అలిగేటంత దగ్గరుంటేనే గదా అలుగుతం."

నవీనకు ముక్క అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే: నోరు మూసుకుంటే ఉలి తనది. మూసుకునే ఉండేది కూడా. కానీ వెనుక పచ్చిబంక జారింది. ముగ్గురూ చూస్తుండగా కుడిరెక్క మెల్లమెల్లగా కిందికి వాలి, దూత పక్కకు ఆనుకుని ఆగింది.

నవీన భోరుమంది. "దేవదూతతోని గాదు సారూ, గద్దతోని! గిండ్ల ఉంది ముండమోపిది!" అని పగిలిన ఫోను చూపించింది. పగులు వెనుక గద్ద హాయిగా చక్కర్లు కొడుతోంది.

బాలలక్ష్మి కళ్ళలో తడి క్షణంలో ఆరిపోయింది. "ఉలి లేదు, గిలి లేదు. రుద్దుకుంట కూసో," అంది.

అబ్రహాం ఈ మాటలేవీ వినడం లేదు. బొమ్మను జానతో కొలుస్తున్నాడు.

"ఏటా మా పాత దూత రెక్కలు పాక కప్పుకు తట్టి లోపటికి పోకపోతుండె," అన్నాడు. "బయట తాడుగట్టి యేలాడదీస్తే, గొల్లలకు మంచివార్త జెప్పేటోడు గాలికి ఉయ్యాల ఊగుతుండె. గిది జూడుండ్రి, గిప్పుడే నేల మీద కాలు వెట్టి ఒక రెక్క ముడుసుకున్నట్టున్నది. వాలిన రెక్క కప్పు వాలు దిక్కుకు వెడితే లోపట సక్కగ వడ్తది. నాకు గిట్లనే గావాలె. ఇంకెవ్వరు ముట్టకుండ్రి."

సారు మెచ్చాడు. బాలలక్ష్మి మాట మీద నిలబడే మనిషి గనుక, పళ్ళు నూరుకుంటూనే ఉలి కూతురి చేతిలో పెట్టింది.

ఆ క్రిస్మస్ తర్వాత చుట్టుపక్కల సంఘాలన్నీ నేల మీదికి దిగిన దూతే కావాలన్నాయి. బాలలక్ష్మి తానే ఒకటి ముందు నుంచే రెక్క వాల్చి చెక్కి చూసింది. వానకు తడిసిన కోడిలా తయారైంది. అందుకే ఇప్పుడు నవీన రెండు రెక్కలూ పైకి చాచి దూతను పూర్తి చేయగానే, తల్లి బంక కలుపుకుని పక్కన కూర్చుంటుంది, ఫోను తానే తెచ్చి కూతురి చేతికిస్తుంది.

"కానియ్యి బిడ్డా. పెట్టు నీ గద్దను."

దూతలు ఒకటి తర్వాత ఒకటి దిగుతూనే ఉన్నాయి. గద్ద మాత్రం ఇంకా దిగలేదు.